ఎండ కన్నెరగని ఎముకలు

సినిమా పత్రికలో విటమిన్ల గొడవేమిటి, ప్రెస్సులో పేజీలు గానీ తారుమారయ్యాయా అని ముఖం చిట్లించుకోకండి. ఇదీ వెలుతురు కథే. వెలుతురు లేకపోతే కెమెరా కన్ను తెరిచినా ఒకటే, మూసినా ఒకటే. మన ఎముకలదీ అదే బతుకు. పైగా ఈ కథలో హీరో వున్నాడు, విలనూ వున్నాడు. రెండు వేషాలూ వేసింది మాత్రం ఒక్కరే! పేరు విటమిన్ డి. తక్కువైతే ఒక రకంగా ఏడిపిస్తుంది, ఎక్కువైతే ఇంకో రకంగా. మా ఇంట్లో ఏడాది తిరక్కుండానే రెండు వేషాలూ వేసి చూపించింది. అంచేత ఈ ద్విపాత్రాభినయం గురించి నాలుగు మాటలు చెప్పుకునే హక్కు నాకుందనుకుంటున్నాను.

మన పాత సినిమాల్లో జమీందారుగారి అమ్మాయిని గుర్తు తెచ్చుకోండి. కారు దిగితే గొడుగు. తోటలో నడిస్తే గొడుగు. ఆ అమ్మాయి పేదింటి కుర్రాణ్ణి ప్రేమించిందని తెలియగానే తండ్రి శాలువా సర్దుకుంటూ ఏమంటాడు? ఎండ కన్నెరగకుండా పెంచానంటాడు! తెలుగులో గారాబానికి అంతకు మించిన కొలత లేదు. పిల్లనిచ్చేటప్పుడు అల్లుడి గురించి అడిగేదీ అదే... నీడపట్టున కూర్చుని చేసే ఉద్యోగమేనా అని. ఎండ అంటే కష్టం, నీడ అంటే అదృష్టం. తరతరాలుగా ఎండలో ఒళ్ళు హూనం చేసుకున్నవాళ్ళు కూడబెట్టుకున్న మాటలివి. తప్పు పట్టలేం. కాని ఆ గారాబం ఖర్చు ఎవరి పద్దులో పడుతోందో ఇప్పుడిప్పుడే తెలిసివస్తోంది. ఎముకల పద్దులో!

మా ఖేడ్ ఎండ

మాది నారాయణఖేడ్. ఒకప్పుడు మెదక్ జిల్లా, 2016 అక్టోబరు నుంచి సంగారెడ్డి జిల్లా. అటు పక్క కర్ణాటక. జబ్బు చేస్తే కొందరు సంగారెడ్డి బస్సెక్కుతారు, కొందరు బీదరు బస్సెక్కుతారు. మాట్లాడేది తెలుగే గాని, అందులో కన్నడం, మరాఠీ, ఉర్దూ పప్పులో తాలింపులా కలిసిపోయి వుంటాయి. తిండి జొన్నరొట్టె. చలికాలం వచ్చిందంటే పల్లెల నుంచి, తండాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే చెరకు కొట్టడానికి వలసపోతాయి. మా దగ్గర వానకు కరువుంది, కొలువులకు కరువుంది. ఎండకు మాత్రం ఏనాడూ కరువు లేదు.

అలాంటి ఊళ్ళో మా అమ్మకు ఎండ తక్కువైందంటే నమ్ముతారా? నేనూ నమ్మలేదు.

అమ్మకు అరవై దాటాయి. నాలుగేళ్ళ కిందట నడక మారింది. రెండు పక్కలకీ ఊగుతూ, బాతు నడిచినట్టు నడిచేది. కింద కూర్చుంటే గోడ పట్టుకోనిదే లేచేది కాదు. రాత్రిళ్ళు పడుకుంటే, "కాళ్ళల్ల తాడు పెట్టి ఎవలో గుంజుతున్నట్టుంది బిడ్డా" అనేది. ఇరుగుపొరుగు తీర్పు చెప్పేశారు: వయసు మీద పడ్డది, నొప్పులు రావా? ఎవరో కీళ్ళవాతమన్నారు. ఎవరో నడుము పట్టీ తెప్పించారు. నొప్పి బిళ్ళలు మింగి మింగి కడుపులో మంట కూడా తోడైంది.

చివరికి చూసిన డాక్టరుగారు పెద్దగా ఏమీ చెయ్యలేదు. మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో నొక్కారు, అంతే. అమ్మ "అవ్వా!" అని కేకేసింది. కీలు కాదమ్మా నొప్పి, ఎముకే నొప్పి అన్నారాయన. రక్తం పరీక్ష రాశారు. దాన్ని 25 హైడ్రాక్సీ విటమిన్ డి పరీక్ష అంటారు. ఒక మిల్లీలీటరు రక్తంలో కనీసం 20 నానోగ్రాములన్నా వుండాల్సింది అమ్మకు 7 వుంది. ఎముకకు పట్టవలసిన సున్నం సరిగ్గా పట్టక మెత్తబడుతోందన్నమాట. పిల్లలకొస్తే రికెట్స్ అంటారు, దొడ్డికాళ్ళు పడతాయి. పెద్దవాళ్ళకొస్తే ఆస్టియోమలేసియా అంటారు. కాళ్ళు వంగవు గాని బతుకు వంగిపోతుంది.

ఇంటికొచ్చాక లెక్క వేసుకున్నాను. పాత పెంకుటిల్లు వున్నన్నాళ్ళూ అమ్మ బతుకంతా వాకిట్లోనే. జొన్నలు చెరగడం, మిరపకాయలు ఆరబొయ్యడం, బట్టలు ఉతకడం, బావి దగ్గరికి వెళ్ళడం... అంతా ఆరుబయటే. తరవాత స్లాబు ఇల్లు కట్టాం. వంటగది లోపలికొచ్చింది, నల్లా లోపలికొచ్చింది, బట్టల మిషనూ వచ్చింది. అమ్మను సుఖపెట్టామని మురిసిపోయాం. అమ్మ బయటికొచ్చేది తెల్లవారి ముగ్గు వెయ్యడానికి, పొద్దుగూకాక గుడికి వెళ్ళడానికి. అప్పుడైనా తలమీద కొంగు, మోచేతుల దాకా జాకెట్టు. ఎండ కన్నెరగకుండా చూసుకున్నామండీ... అచ్చం సినిమా జమీందారు లాగే!

డాక్టరుగారు 60,000 యూనిట్ల పొడి ప్యాకెట్టు వారానికొకటి చొప్పున ఎనిమిది వారాలు రాశారు. తోడుగా కాల్షియం బిళ్ళలు. మొదటి నెల ఏమీ తేడా కనిపించలేదు. మూడో నెలలో ఒక రోజు పీటమీంచి గోడ పట్టుకోకుండా లేచింది. ఆ సంగతి మా కన్నా ముందు మా చిన్నాయన గమనించాడు. ఆ గమనింపు ఎంత పని చేసిందో తరవాత చెబుతాను.

తిరుపతి లెక్కలు

మా అమ్మ ఒక్కతేనా ఇలా అని ఆరా తీస్తే తల తిరిగింది. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టర్ సి.వి. హరినారాయణ్, ఆయన సహచరులు చుట్టుపక్కల జనం రక్తాలు పరీక్షించి 2008లో లెక్కలు ప్రచురించారు. పట్నంలో మగవాళ్ళలో నూటికి 62 మందికి, ఆడవాళ్ళలో 75 మందికి విటమిన్ డి లోటు. సరే, పట్నం వాళ్ళు నీడపట్టు మనుషులు గదా అంటారేమో. పల్లెల్లో మగవాళ్ళలో 44 మందికి, ఆడవాళ్ళలో 70 మందికి లోటు! పొద్దున ఎనిమిదింటి నుంచి సాయంత్రం దాకా పొలంలో వుండే మనుషులు వీళ్ళు. అక్కడ సూర్యుడికి సెలవులుండవు మరి.

ఎందుకిలా? ఒక్క కారణం కాదు. మొదటిది, ఎండలన్నీ ఒకటి కావు. చర్మంలో విటమిన్ డి తయారుచేసే కిరణాలు వేరే వున్నాయి, అతినీలలోహిత కిరణాల్లో ఒక రకం. సూర్యుడు ఏటవాలుగా వున్నప్పుడు అవి గాలి పొరలు దాటి రాలేవు. తిరుపతిలో చేసిన ప్రయోగాల్లోనే పగలు 11 నుంచి 2 గంటల మధ్య ఈ పని బాగా జరుగుతుందని తేలింది. అంటే సరిగ్గా మన మార్నింగ్ షో టైము! పొద్దున్నే లేలేత ఎండ ఒంటికి హాయి గాని, విటమిన్ డి విషయంలో అది జూనియర్ ఆర్టిస్టే.

రెండోది మన రంగు. నల్లని చర్మంలోని మెలనిన్ మనకు దేవుడిచ్చిన గొడుగు. మండే ఎండ నుంచి కాపాడుతుంది. కాపాడుతూనే ఆ కిరణాలను కూడా కొంత మింగేస్తుంది. తెల్లతోలు వాళ్ళకు పది నిమిషాల్లో అయ్యే పని మనకు అంతకు కొన్ని రెట్లు పడుతుంది.

మూడోది కంచం. హరినారాయణ్ బృందం 2007లోనే చెప్పిన సంగతి ఇది. మనం తినే తిండిలో కాల్షియం తక్కువ, గింజల్లో వుండే ఫైటేట్ అనే పదార్థం ఎక్కువ. ఈ ఫైటేట్ కాల్షియాన్ని పట్టుకుని ఒంటికి పట్టనివ్వదు. కాల్షియం చాలకపోతే శరీరం వున్న విటమిన్ డిని కూడా గబగబా ఖర్చు పెట్టేస్తుంది. పాలూ పెరుగూ లేని జొన్నరొట్టె, పచ్చిమిరపకారం మీద బతికే వాడికి ఎండ ఎంత తగిలినా లెక్క సరిపోదన్నమాట. చెరకు కొట్టే వాడికి సూర్యుడు పుష్కలం. పాలు మాత్రం పక్కవాడి టీలో కనిపిస్తాయి.

ఆర్క్ లైట్లు, కిరణాల మాయ

మళ్ళీ సినిమాల దగ్గరికి వద్దాం. ఈ కిరణాల సంగతి దెబ్బ తిని తెలుసుకున్నవాళ్ళలో సినిమా తారలు కూడా వున్నారు. మూకీల కాలంలో హాలీవుడ్ స్టూడియోల్లో కార్బన్ ఆర్క్ దీపాలు వాడేవారు. రెండు బొగ్గు కడ్డీల మధ్య మంట. ఆ దీపాల ముందు నటించి నటించి తారల కళ్ళు ఎర్రబారి, నీళ్ళు కారి, ఇసుక పోసినట్టు మండేవి. ఆ జబ్బుకు దీపం పేరే పెట్టారు, క్లీగ్ కళ్ళు అని. కారణం అతినీలలోహిత కిరణాలు. విరుగుడు చాలా తేలిక. దీపం ముందు గాజు పలక అడ్డం పెట్టడమే. గాజు వెలుతురును రానిస్తుంది, ఆ కిరణాలను ఆపేస్తుంది.

ఇదే సూత్రం మన ఇంటి కిటికీకీ వర్తిస్తుంది. అద్దాల కిటికీ పక్కన కూర్చుని, కారు అద్దం ఎత్తుకుని, ఎండ తగులుతోంది గదా అనుకుంటే ఉత్తదే. వెచ్చదనం వస్తుంది, వెలుగు వస్తుంది. విటమిన్ మాత్రం అద్దం అవతలే ఆగిపోతుంది.

ఆ ఆర్క్ దీపంతోనే డెన్మార్కులో నీల్స్ ఫిన్సెన్ అనే డాక్టరు చర్మానికి వచ్చే క్షయకు చికిత్స చేసి 1903లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. 1919లో బెర్లిన్‌లో హుల్డ్‌షిన్స్కీ అనే డాక్టరు పాదరసం దీపంతో రికెట్స్ పిల్లలకు వైద్యం చేశాడు. తమాషా ఏమిటంటే, ఒక చేతికి వెలుగు తగిలిస్తే రెండో చేతి ఎముక కూడా గట్టిపడింది. అంటే వెలుగు ఎముకను తాకి బాగుచెయ్యడం లేదు, చర్మంలో ఏదో పుట్టి నెత్తుట్లో కలిసి ఊరంతా తిరుగుతోందన్నమాట. అదేమిటో 1922లో మెక్‌కాలమ్ చేప నూనెలో కూడా పట్టుకున్నాడు. అప్పటికి ఎ, బి, సి అయిపోయాయి గనక డి అని పేరు పెట్టాడు. నిజానికి ఒంట్లోనే తయారయ్యే దానికి విటమిన్ అన్న పేరు నప్పదు. హార్మోను కుటుంబం అది. కాని తెరపేరు ఒకసారి పడ్డాక మార్చడం ఎవరి తరం?

మన దేశంలోనూ ఇది కొత్త సంగతి కాదు. 1930 ప్రాంతాల డాగ్మార్ కర్జెల్ విల్సన్ అనే డాక్టరమ్మ లాహోరులో, కాంగ్రాలో ఎముకలు మెత్తబడిన స్త్రీలను పరిశీలించి రాసింది. పరదాల వెనక, చీకటి గదుల్లో బతికిన ఇల్లాళ్ళు వాళ్ళలో వున్నారు. కటి ఎముకలు వంగిపోయి కాన్పు కష్టమయ్యేది. ఇప్పుడు పరదా పోయిందనుకుంటున్నాం. ఏసీ గది, అద్దాల ఆఫీసు, మొహానికి స్కార్ఫు, చేతులకు పొడుగు గ్లౌజులు... స్కూటరు మీద వెళ్ళే పిల్లను చూడండి, కళ్ళు తప్ప ఏమైనా కనిపిస్తుందా? దుమ్ముకి, రంగు తగ్గుతుందన్న భయానికి కట్టుకున్న పరదా అది.

అమెరికా వెళ్ళిన మనవాళ్ళది మరీ ఇబ్బంది. బోస్టన్ లాంటి ఊళ్ళో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా చర్మంలో విటమిన్ డి తయారే కాదని 1988లోనే తేల్చారు. ఎండ కనిపిస్తుంది, పని చెయ్యదు. దానికి తోడు మన నల్లతోలు. శాకాహారులైతే చేప కూడా వుండదు. అక్కడ పాలల్లో విటమిన్ డి కలిపి అమ్ముతారు గనక కొంత నయం.

రెండో వేషం

ఇక్కడి దాకా హీరో లేని లోటు చూశారు. ఇప్పుడు అదే హీరో విలన్‌గా ప్రవేశం.

మా చిన్నాయనకు కిరాణా కొట్టుంది. పొద్దుటి నుంచి రాత్రి దాకా గల్లాపెట్టె ముందు కూర్చుంటాడు. మోకాళ్ళ నొప్పులు. అమ్మ గోడ పట్టుకోకుండా లేవడం చూశాడని చెప్పాను గదా. "వదినకు గా పొడితోనే గద తక్కువైంది" అని ఖాళీ ప్యాకెట్టు ఒకటి జేబులో పెట్టుకుని మందుల షాపుకు వెళ్ళాడు. చీటీ అడిగినవాడు లేడు. కౌంటరు మీద కుర్రాడు ప్యాకెట్లు తీసిచ్చి, రోజుకొకటి పాలల్లో వేసుకు తాగమన్నాడట. వారానికి ఒకటి అన్న మాట ఎక్కడా రాలేదు. బలం మందే గదా, ఎక్కువైతే బలం ఎక్కువవుతుంది గాని చెరుపేముంది అన్న ధైర్యం! మధ్యలో ఎవరో చెబితే ఆరు లక్షల యూనిట్ల సూదిమందు కూడా రెండుసార్లు వేయించుకున్నాడు. ఇదంతా మాకెవరికీ తెలీదు. మోకాళ్ళ నొప్పి మందు గురించి ఇంట్లో ఎవరు చర్చ పెడతారు?

మూడు నెలలు తిరిగేసరికి మనిషి సగమయ్యాడు. అన్నం సయించదు. తిన్నది వాంతి. విపరీతమైన దప్పిక, మాటిమాటికీ ఒంటికి పోవడం. అందరూ షుగరే అనుకున్నారు. పరీక్ష చేయిస్తే షుగరు లేదు. నాలుగైదు రోజులకోసారి గాని విరేచనం కాదు. తరవాత మాట తడబడింది. నలభై ఏళ్ళుగా నోటిలెక్క చేసిన మనిషి కొట్లో చిల్లర లెక్క తప్పాడు. అప్పుడు భయమేసి హైదరాబాదు తీసుకెళ్ళాం. రక్తంలో కాల్షియం మామూలుగా పదిన్నర దాటకూడదు, ఆయనకు 14 వుంది. కిడ్నీలు సరిగా పని చెయ్యడం లేదు. కాన్సరేమోనన్న అనుమానంతో ఒళ్ళంతా స్కానింగులు తీశారు.

రహస్యం బయటపెట్టింది మా చిన్నమ్మ. ఇంట్లో వాడే మందులన్నీ తెమ్మని డాక్టరమ్మ అడిగితే ఒక క్యారీబ్యాగు పట్టుకొచ్చి బల్ల మీద బోర్లించింది. అన్నీ ఆ పొడి ప్యాకెట్ల ఖాళీ తొడుగులే. చెత్తలో పడేస్తే లక్ష్మి పోతుందని దాచిందో ఏమో గాని, ఆ పొదుపే ప్రాణం కాపాడింది. డాక్టరమ్మ లెక్కపెట్టింది. ఎనభై ఆరు!

లెక్క మీరే చూడండి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి కలిసి 2020లో చెప్పిన ప్రకారం పెద్దవాళ్ళకు రోజుకు కావలసింది 600 యూనిట్లు. రోజూ వాడితే 4,000 దాటకూడదు. ఒక్క ప్యాకెట్టులో 60,000. అంటే వంద రోజుల రేషను ఒక్క గుక్కలో. లోటున్న వాళ్ళకు వారానికొకటి, అదీ కొన్ని వారాలు, డాక్టరు కనిపెట్టి చూస్తుండగా ఇస్తారు. ఆరు లక్షల సూదిమందు అయితే వెయ్యి రోజుల రేషను, దాదాపు రెండేళ్ళ తొమ్మిది నెలలది. మా చిన్నాయన మూడు నెలల్లో ఒంట్లో పోసుకున్నది మొత్తం 60 లక్షల యూనిట్లు దాటింది.

మిగతా కొన్ని విటమిన్లయితే ఎక్కువైనది మూత్రంలో పోతుంది. ఇది పోదు. కొవ్వులో కరిగే రకం. కొవ్వులో చేరి నెలల తరబడి కూర్చుంటుంది. పేగుల నుంచి కాల్షియాన్ని లాగుతుంది, చాలకపోతే ఎముకల నుంచి కూడా లాగి నెత్తుట్లో పోస్తుంది. ఎముకకు బలమని తాగిన మందు ఎముకనే దోచుకుంటుందన్నమాట! ఆ కాల్షియమంతా వడగట్టలేక కిడ్నీ చేతులెత్తేస్తుంది. మందు మానేసినా జబ్బు వెంటనే మానదు. చిన్నాయన పదిహేను రోజులు ఆసుపత్రిలో సెలైన్ల మీద వున్నాడు. మనిషి దక్కాడు. కిడ్నీలు పూర్తిగా తేరుకోలేదు. ఇవాళ్టికీ మూడు నెలలకోసారి పరీక్షకు వెళ్ళొస్తుంటాడు.

అమ్మ చాలా రోజులు సరిగా అన్నం తినలేదు. "నా మందే ఆయన పానం మీదికి తెచ్చె" అని ఒకటే బాధ. మందుది తప్పు కాదమ్మా, లెక్కది తప్పు అని ఎంత చెప్పినా వినేది కాదు.

ఎందరికి తక్కువ? ఎందరికి ఎక్కువ?

తక్కువైనవాళ్ళు వందల్లో డెబ్భై అంటే, ఎక్కువైనవాళ్ళు ఎందరు? నిజం చెప్పాలంటే విషమయ్యేంత ఎక్కువ కావడం అరుదు. ఎండ వల్ల ఎవరికీ కాదు. చర్మం తెలివైనది. అవసరానికి మించి తయారైతే అదే ఎండతో మిగిలినదాన్ని పనికిరాని పదార్థాలుగా మార్చేస్తుంది. సూర్యుడు ఏనాడూ ఓవర్ యాక్షన్ చెయ్యనివ్వడు. మందు విషయంలో అలాంటి డైరెక్టరు లేడు. 2011లో శ్రీనగర్ డాక్టర్లు ఇలా మోతాదు మించి పుచ్చుకుని ఆసుపత్రిలో చేరిన పదిమంది సంగతి రాశారు. లోటు ఇంటింటా వున్న ప్రాంతంలోనే అది ఎక్కువై చావుకు దగ్గరైన మనుషులు! మా ఇంటి కథే అక్కడా.

లోటు లెక్కల్లో కూడా ఒక తిరకాసు వుంది. గీత ఎక్కడ గీస్తే అన్నీ అక్కడే. 20 నానోగ్రాములు చాలునని 2011లో అమెరికా వైద్య సంస్థ నివేదిక చెప్పింది. 30 వుండాలని అదే ఏడాది అక్కడి హార్మోను వైద్యుల సంఘం చెప్పింది. గీత 20 నుంచి 30కి జరిగితే ఒక్క రాత్రిలో కోట్ల మంది రోగులైపోతారు, ఒంట్లో వెంట్రుకవాసి మార్పు లేకుండానే! 2024లో ఆ హార్మోను వైద్యుల సంఘమే వెనక్కి తగ్గింది. ఏ ఇబ్బందీ లేని పెద్దవాళ్ళకు ఊరికే ఈ పరీక్ష చెయ్యనక్కర్లేదు, డెబ్భై అయిదు దాటినవాళ్ళకు, గర్భిణులకు, మరికొందరికి తప్ప మామూలు అవసరానికి మించి మందూ అక్కర్లేదు అంది. అయినా ఒళ్ళంతా పరీక్ష అనే ప్యాకేజీలో ఇది ఒకటి కట్టిపెడుతూనే వున్నారు. కాగితం మీద ఎర్ర అక్షరాలు చూడగానే మన గుండె గుభేలుమంటుంది.

మందు మామూలు మనిషికి ఏపాటి లాభం? అమెరికాలో 25,871 మంది మీద ఏళ్ళ తరబడి రోజుకు 2,000 యూనిట్లు ఇచ్చి చూశారు. ఎముకలు విరగడం ఏమీ తగ్గలేదని 2022లో తేలింది. అలాగని మా అమ్మకు మందు దండగా? కానే కాదు. వాళ్ళలో చాలామందికి అసలు లోటు లేదు. ఆకలైనవాడికి అన్నం పెడితే ప్రాణం నిలుస్తుంది. కడుపు నిండినవాడికి పెడితే అజీర్ణం చేస్తుంది. అమ్మకు 7 వుంది, ఎముక నొక్కితే కేకేసింది. ఆమెకది మందు. చిన్నాయనకు ఎంత వుందో ఎవరూ చూడనే లేదు. ఆయనకది జూదం.

నీడ చెప్పే రహస్యం

అయితే ఏం చెయ్యమంటావయ్యా అంటారు. డాక్టర్లు చెప్పగా విన్న చిన్న కిటుకు ఒకటుంది. బయటికి వెళ్ళి మీ నీడను చూసుకోండి. నీడ మీకన్నా పొడుగ్గా వుంటే ఆ ఎండలో విటమిన్ అంతంత మాత్రం. నీడ మీకన్నా పొట్టిగా వుంటే ఆ ఎండ పని చేసే ఎండ. మన తాతలు నీడను బట్టి పొద్దు చెప్పేవాళ్ళు, మనం విటమిన్ చెప్పుకోవచ్చు. మా ఖేడ్‌లో డిసెంబరులో ఇంచుమించు పదకొండు నుంచి ఒంటిగంటన్నర దాకే నీడ పొట్టిగా వుంటుంది. మే నెలలో తొమ్మిదిన్నరకే పొట్టిబడుతుంది. అందుకని మే నెలలో మిట్టమధ్యాహ్నం నడిరోడ్డు మీద నిలబడి వడదెబ్బ తెచ్చుకోకండి మహాప్రభో! పొద్దున తొమ్మిదిన్నర, పది మధ్య కాసేపు చాలు. ముఖం ఒక్కటే కాదు, చేతులూ కాళ్ళూ కూడా తగలనివ్వాలి. తోలు కమిలేదాకా వుండనక్కర్లేదు, అది మంచిది కూడా కాదు.

తిండిలో దొరికేది కొద్దే. చేపలు, గుడ్డు పచ్చసొన, కార్జం. పాల ప్యాకెట్ల మీద, నూనె ప్యాకెట్ల మీద నీలం రంగులో ప్లస్ గుర్తు, ఎఫ్ అక్షరం వుంటే విటమిన్ ఎ, డి కలిపారని అర్థం. 2018లో ప్రభుత్వం పెట్టిన నిబంధన అది. కాల్షియం మరిచిపోవద్దు. పాలు, పెరుగు, రాగులు, నువ్వులు, ఆకుకూరలు. రొట్టెకు తోడు గిన్నెడు పెరుగు వుంటే అదే సగం వైద్యం. కాళ్ళ ఎముకలే నొప్పిగా వున్నా, నడక మారినా, కింద కూర్చుని లేవలేకపోయినా వయసు మీద నెట్టెయ్యకండి, చూపించుకోండి. డాక్టరు ప్యాకెట్టు రాస్తే వారానికా, రోజుకా, ఎన్ని వారాలు అని నోరు తెరిచి అడగండి. చీటీ మీద తెలుగులో రాయించుకోండి. పక్కింటివాళ్ళకు తగ్గిన మందు మీ మందు కాదు. బాగా దప్పిక, వాంతులు, మలబద్ధకం కలిసి వస్తే మీరు వాడే బలం మందులన్నీ డాక్టరు ముందు బోర్లించండి, మా చిన్నమ్మలాగా.

చివరగా ఒక్క మాట. మన పెద్దవాళ్ళు మొదటాట టిక్కెట్టు కోసం నడినెత్తిన ఎండలో గంటల తరబడి లైను కట్టేవారట. చొక్కాలు చిరిగేవి, చెప్పులు తెగేవి, ఒళ్ళు మాడేది. హాల్లోకి వెళ్ళి చీకట్లో కూర్చునే లోపే ఎముకలకు కావలసింది కాస్త దక్కేది పాపం. ఇప్పుడు మంచం మీద పడుకుని ఫోన్లో టిక్కెట్టు తీసి, కారు అద్దాలెత్తుకుని, ఏసీ హాల్లోకి పోయి, మళ్ళీ కారెక్కి ఇంటికొస్తున్నాం. సూర్యుడి కాల్షీటు ఇవాళ్టికీ ఉచితమే. మనమే షూటింగు ఎగ్గొడుతున్నాం. ఈ వారం మార్నింగ్ షోకు వెళ్తే కాస్త ముందుగా బయల్దేరి, హాలు బయట మీ నీడను ఒకసారి కొలుచుకుని, ఆ తరవాత లోపలికి వెళ్ళండి!